రేకు సిగ్నలు, నెల్లూరు గేటు

బొమ్మ రైలు తిరగడానికి ఇంజను, నాలుగు పెట్టెలు, గుండ్రంగా కలిసే పట్టాలు చాలు. స్టేషను, సిగ్నలు స్తంభం, గేటు, గేటు పక్కన గుడిసె, నీళ్ల ట్యాంకు, కాలినడక వంతెన, దీపాలు లేకపోయినా దాని తిరుగుడు ఆగదు. పాత కేటలాగులు యాక్సెసరీల పేరుతో అమ్మిన ఈ సరంజామాను తెలుగులో హంగులు అనుకుంటే సరిపోతుంది. మేళం లేకపోయినా తాళి కట్టవచ్చు గానీ దాన్ని ఎవరూ పెళ్లనరు. హంగులు లేని బొమ్మ రైలు సంగతీ అంతే.

1890ల నుంచి 1950ల దాకా జర్మనీ, ఇంగ్లండు, అమెరికా కంపెనీలు చేసిన హంగుల్లో చాలావాటికి రైలు కట్ట పక్కన అసలుది ఒకటి ఉండేది. ఆ కాలంలో నెల్లూరు తీరం వెంట తడ నుంచి కావలి దాకా పట్టాల పక్కన నిలబడ్డవీ ఆ జాతివే. ఇంగ్లీషు కంపెనీల చేతి మీదుగా, ఇంగ్లీషు పద్ధతిలో నడిచిన లైను కాబట్టి లివర్‌పూల్‌లో తయారైన రేకు బొమ్మ సిగ్నలుకీ బిట్రగుంట ఇనుప సిగ్నలుకీ దగ్గరి చుట్టరికం ఉంది. అసలువి ఏ వరసలో పనిచేసేవో తెలిస్తే బొమ్మల్ని ఎక్కడ పెట్టాలో దానంతట అదే తెలుస్తుంది.

రైలు రాకముందు ఈ తీరంలో సరుకు బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో పోయేది. ఉప్పు, సరుగుడు కట్టెలు మద్రాసుకు ఆ దారినే చేరేవి. నెల్లూరికి ముందుగా వచ్చిన రైలు మీటర్ గేజిది. 19వ శతాబ్దం చివర్లో తిరుపతి వైపు నుంచి గూడూరు మీదుగా ఆ పట్టాలు వేశారు. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య బ్రాడ్‌గేజి లైను పూర్తయి, తూర్పు తీరం పొడుగునా రైళ్లు నేరుగా నడవడం మొదలైంది. 1908 నుంచి ఈ లైను మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతిలో నడిచింది. 1951లో సదరన్ రైల్వే ఏర్పడింది. 1966లో సౌత్ సెంట్రల్ రైల్వే పుట్టాక గూడూరుకు ఉత్తరాన ఉన్న భాగం దాని కిందికి వెళ్లింది, దక్షిణ భాగం మద్రాసు వైపే ఉండిపోయింది.

మద్రాసు నుంచి వచ్చే బండికి తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం, నాయుడుపేట, గూడూరు, మనుబోలు, వెంకటాచలం, వేదాయపాలెం దాటాక నెల్లూరు వస్తుంది. పెన్నా వంతెన దాటగానే పడుగుపాడు. ఆ తర్వాత కొడవలూరు, తలమంచి, అల్లూరు రోడ్డు, బిట్రగుంట, కావలి. స్టేషను పేరులో రోడ్డు అని ఉందంటే ఊరు స్టేషనుకు దూరమని అర్థం. బండి దిగినవాడు మిగతా దారి జట్కాలోనో కాలినడకనో పోవలసిందే. బొమ్మల బోర్డు మీద ఊరికి చోటు చాలనప్పుడు ఇలాంటి పేరు ఎంతో ఉపకారం చేస్తుంది. ప్లాట్‌ఫారం, ఒక మర్రిచెట్టు, రెండెడ్ల బండి పెడితే చాలు, ఊరు గోడ అవతల ఎక్కడో ఉందనుకోవచ్చు.

ఈ స్టేషన్లన్నిట్లో బిట్రగుంటది వేరే కథ. మద్రాసుకు సుమారు 210 కిలోమీటర్ల దూరంలో, బెజవాడ దారికి దాదాపు సగంలో ఉండటం వల్ల అక్కడ పెద్ద లోకో షెడ్డు, యార్డు పెరిగాయి. ఆవిరి ఇంజనుకు బొగ్గు కంటే ముందు కావలసింది నీళ్లు. దారిపొడుగునా ఎక్కడ పట్టుకోవాలో చూసుకుని నడవాలి. ప్లాట్‌ఫారం చివర ఏనుగు తొండంలాంటి గొట్టంతో నిలబడే వాటర్ కాలమ్, దానికి నీళ్లిచ్చే ఎత్తైన ఇనుప ట్యాంకు, బూడిద రాల్చే గుంట, ఇంజను ముఖం తిప్పే టర్న్‌టేబులు అప్పట్లో తప్పనిసరి సామగ్రి. బిట్రగుంట రైల్వే ఊరు. అక్కడి వీధులు, క్వార్టర్లు షెడ్డు కోసం పుట్టినవే.

పట్టాలు మొదట్లో ఒంటి లైనే. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఒకే పట్టా మీద తలపడకుండా చూడటమే స్టేషను మాస్టరు ఉద్యోగంలో సగం. ప్రతి స్టేషనులో మెయిన్ లైను పక్కన ఒక లూప్ లైను ఉండేది. ఒక బండి లూపులో ఆగితే రెండోది మెయిన్ మీద దాటిపోయేది. దారి ఖాళీ అని అవతలి స్టేషను లైన్ క్లియర్ ఇస్తేనే మిషను లోంచి టోకెను బయటికొచ్చేది. మన దేశంలో విరివిగా వాడిన నీల్స్ మిషన్లలో టోకెను అంటే చేతిలో ఇమిడే ఇనుప బంతి. దాన్ని తోలు సంచిలో వేసి, సంచిని పెద్ద బెత్తపు రింగుకు కట్టి, బండి నడుస్తుండగానే డ్రైవరుకు అందించేవారు. డ్రైవరు మోచెయ్యి రింగులో దూర్చి లాక్కునేవాడు. చేతిలో టోకెను లేకుండా ముందుకు పోవడం నేరం. రేకు బొమ్మల పెట్టెల్లో ఈ టోకెను మామూలుగా కనిపించదు. అసలులో 48వ వంతుకు కుదించిన కొలతలో దానికి ఆవగింజ సరిపోతుంది. సన్నని రాగి తీగను రింగుగా చుట్టి, దానికి ఆవగింజను అంటించి, ప్లాట్‌ఫారం మీది బొమ్మ చేతికి తగిలిస్తే ఒంటి లైను కాలమంతా అందులో ఉంటుంది.

చూపరుల కన్ను ముందుగా పడేది సిగ్నలు మీదే. స్తంభం మీద రెక్క ఆడే ఈ సెమాఫోర్ సిగ్నలును రైళ్ల కోసం 1841లో లండన్ దగ్గర న్యూక్రాస్‌లో చార్లెస్ హట్టన్ గ్రెగరీ నిలబెట్టాడు. రెక్క అడ్డంగా ఉంటే ఆగాలి. మన వైపు వాడిన పద్ధతిలో కిందికి వాలితే పోవచ్చు. రెక్కకు ఒక పక్క ఎర్ర అద్దం, ఇంకో అద్దం ఉన్న చట్రం ఉంటుంది. దాని వెనక కిరోసిన్ దీపం. ఆ రెండో అద్దం చేత్తో పట్టుకుని చూస్తే ఆకుపచ్చగా కాదు, నీలంగా కనిపిస్తుంది. కిరోసిన్ మంట పసుపు కాబట్టి నీలం అద్దం లోంచి ఆకుపచ్చగా దిగుతుంది. పాత సిగ్నలు కొని తెచ్చుకున్నవాళ్లు లోపల తెల్లటి ఎల్‌ఈడీ బల్బు పెట్టి, పచ్చ దీపం నీలంగా వెలుగుతోందేమని తికమక పడుతుంటారు. తప్పు అద్దానిది కాదు, బల్బుది.

రోజూ సాయంత్రం లాంప్‌మ్యాన్ నిచ్చెనెక్కి ఈ దీపాలు పెట్టేవాడు. కేబిన్‌లో లీవరు లాగితే పట్టాల వెంట చిన్న చక్రాల మీదుగా పోయే తీగ బిగుసుకుని రెక్కను వంచేది. ఆ తీగ తెగితే? స్తంభానికున్న బరువు రెక్కను మళ్లీ అడ్డంగా నిలబెట్టేస్తుంది. ఏ చెడు జరిగినా బండి ఆగాలే తప్ప పోకూడదన్నది ఈ అమరికకు ప్రాణం.

స్టేషనుకు వచ్చే బండికి మొదట ఔటర్, తర్వాత హోమ్, వెళ్లేటప్పుడు స్టార్టర్ తగులుతాయి. వీటి రెక్కలు ఎర్రగా, అడ్డంగా ఒక తెల్ల పట్టీతో, కొసలు నలుచదరంగా ఉంటాయి. ఔటర్ స్తంభం మీదే కింద చేప తోకలా చీలిన ఇంకో రెక్క ఉంటే అది వార్నర్. లోపల ఆగాలా, ఆగకుండా దూసుకుపోవచ్చా అన్నది అదే చెబుతుంది. మన వార్నర్ కూడా ఎరుపే. ఇంగ్లండులో మాత్రం 1920ల నుంచి చేప తోక రెక్కలకు పసుపు రంగు వేశారు. అందువల్ల ఇంగ్లీషు రేకు సిగ్నళ్లలో చేప తోక చాలావరకు పసుపే. నెల్లూరు అమరికకు అది నప్పదు. అలాగని పాత రేకు మీద రంగు పూస్తే దాని విలువ మట్టి కొట్టుకుపోతుంది. ఎర్ర కాగితం ముక్క కత్తిరించి, గంజితో పలచగా అంటిస్తే తడి గుడ్డతో ఎప్పుడైనా తీసేయవచ్చు.

బొమ్మ రైళ్లు ఈ అసలువాటి వెంటే నడిచాయి. జర్మనీలోని గోపింగెన్‌లో 1859లో మొదలైన మార్క్లిన్ కంపెనీ మొదట బొమ్మల ఇళ్లకు వంటపాత్రలు చేసేది. 1891లో లైప్‌జిగ్ సంతలో కీ ఇచ్చే రైలును, 8 అంకె ఆకారంలో పట్టాలతో సహా చూపించింది. దాని గొప్పతనం పట్టాల వెడల్పులకు కొలతలు నిర్ణయించడంలో ఉంది. కొలత ఖాయమైతే ఈ ఏడాది ఇంజను కొన్నవాడు వచ్చే ఏడాది పాయింట్లు, ఆపై ఏడాది స్టేషను కొంటాడు. హంగుల వ్యాపారం పుట్టింది అక్కడే. బొమ్మల ఇల్లు ఉన్నవాళ్లకు గిన్నెలు అమ్మిన అలవాటే రైలుకూ పనికొచ్చింది.

ఇంగ్లండులో ఆ పని ఫ్రాంక్ హార్న్‌బీ చేశాడు. 1901లో మెకానో బొమ్మకు పేటెంటు పొందిన హార్న్‌బీ, 1920లో లివర్‌పూల్ నుంచి ఓ గేజి కీ రైళ్లు తెచ్చాడు. ఓ గేజి అంటే పట్టాల మధ్య 32 మిల్లీమీటర్లు. హార్న్‌బీ స్టేషన్లు, కేబిన్లు, గేట్లు దగ్గరగా చూస్తే రేకు పనివాడి నేర్పు తెలుస్తుంది. ఇటుకలు, కిటికీలు, టికెట్ల గది తలుపు, గోడ మీద ప్రకటనలు అన్నీ ముందే చదునైన రేకు మీద రంగుల్లో అచ్చయ్యాయి. ఆ తర్వాత రేకును కోసి, మడిచి, అంచున వదిలిన చిన్న నాలుకల్ని ఎదుటి రేకు చీలికల్లో దూర్చి వంచారు. మేకు లేదు, అతుకు లేదు. ఆ నాలుకను రెండుసార్లు నిటారుగా చేసి మళ్లీ వంచితే మూడోసారి విరిగిపోతుంది. అందుకే పాత రేకు స్టేషనును లోపల శుభ్రం చేద్దామని విప్పడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

హార్న్‌బీ స్టేషన్ల నెత్తిన విండర్‌మియర్, రిప్పన్, మార్గేట్ లాంటి ఇంగ్లీషు ఊళ్ల పేర్లుంటాయి. నెల్లూరు ఇంట్లో రిప్పన్ స్టేషను వింతగానే ఉంటుంది గానీ, పేరు మార్చడానికి రేకును గీకనక్కర్లేదు. అట్టముక్క మీద పసుపు పూసి, నల్లటి అక్షరాలతో మూడు భాషల్లో ఊరి పేరు రాసి ప్లాట్‌ఫారం చివర నిలబెడితే, మనవాళ్ల కన్ను ఎప్పుడూ ఆ పసుపు పలకనే వెతుకుతుంది, గోడ మీది రాతను కాదు. 1938లో ఇదే కంపెనీ 16.5 మిల్లీమీటర్ల పట్టాలతో డబ్లో రైళ్లు తెచ్చింది. 1964లో మెకానో కంపెనీ ట్రైయాంగ్ వాళ్ల చేతికి పోయింది. 1979లో లివర్‌పూల్ ఫ్యాక్టరీ మూతపడింది.

32, 16.5 మిల్లీమీటర్ల ఈ రెండు వెడల్పులూ గూడూరు అమరికకు ముచ్చటగా అతుకుతాయి. గూడూరులో బ్రాడ్‌గేజీ, రేణిగుంట వైపు పోయే మీటర్ గేజీ కలిసేవి. 1676 మిల్లీమీటర్ల మన బ్రాడ్‌గేజిని 32 మిల్లీమీటర్లకు కుదిస్తే కొలత సుమారు 52వ వంతు అవుతుంది. అదే లెక్కన మీటర్ గేజికి 19 మిల్లీమీటర్లు కావాలి. డబ్లో పట్టా అంతకన్నా రెండున్నర మిల్లీమీటర్లు ఇరుకు, కాస్త వెనగ్గా పెడితే ఎవరూ కనిపెట్టలేరు. రెండు పట్టాల మధ్య ఒకే ప్లాట్‌ఫారం ఉంచి, ఈ పక్క బండిలోని మూటలు ఆ పక్క బండిలోకి మోసే కూలీల్ని నిలబెడితే గేజి తేడా వల్ల దేశమంతా పడ్డ పాట్లు అక్కడ కనిపిస్తాయి. మూటల్లో నెల్లూరు బియ్యం ఉండాలి. గూడూరు అభ్రకం కూడా ఉండాలి, ఎందుకంటే ఆ చుట్టుపక్కల గనుల సరుకు అది. నిజం అభ్రకం ముక్క దొరికితే బ్లేడుతో పొరలు ఒలిచి కేబిన్ కిటికీలకు అద్దాలుగా అంటించవచ్చు, గాజు కన్నా పలచగా మెరుస్తుంది.

హంగులు వాటంతట అవి కదలడం నేర్చుకున్నది అమెరికాలో. జాషువా లయొనెల్ కొవెన్ 1900లో న్యూయార్క్‌లో పెట్టిన లయొనెల్ కంపెనీ తొలి బొమ్మ, దుకాణం అద్దాల వెనక జనాన్ని ఆకర్షించడానికి చేసిన విద్యుత్ బండి. 1935లో ఆ కంపెనీ 45 నంబరు గేట్‌మ్యాన్‌ను తెచ్చింది. 1950 నుంచి దాని తర్వాతి రూపం 145 నంబరుతో వచ్చింది. గేటు పక్కన చిన్న గుడిసె. రైలు దగ్గరికి రాగానే తలుపు చటుక్కున తెరుచుకుని, చేతిలో లాంతరుతో ఒక బుల్లి మనిషి బయటికి దూకుతాడు. రైలు పోగానే వెనక్కి జారుకుంటాడు, తలుపు మూసుకుంటుంది. గుడిసె అడుగున ఉన్న తీగచుట్టలో కరెంటు పారినప్పుడు ఇనుప కడ్డీని లోపలికి లాగడమే ఇందులోని కిటుకు. ఆ కరెంటును కలిపేది పట్టా కింద పెట్టే కాంటాక్టరు. రైలు బరువుకు పట్టా వెంట్రుకవాసి కుంగి రెండు రేకులు తాకుతాయి. ఖాళీ పట్టాకు తాకకుండా, ఒక్క పెట్టె బరువుకైనా తాకేలా స్ప్రింగు మర బిగించడంలోనే నేర్పంతా ఉంది. రైలును కాంటాక్టరు మీద ఆపి భోజనానికి వెళ్తే మాత్రం తిరిగొచ్చేసరికి తీగచుట్ట కమిలిన వాసన వస్తుంది.

బరువు కాంటాక్టరు కుదరకపోతే రెండో దారి ఉంది. లయొనెల్ పట్టాకు మూడు కడ్డీలు. బయటి రెండు కడ్డీల్లో ఒకదాన్ని కొంత మేర ఫైబర్ పిన్నులతో విడదీస్తే, ఆ మేరలోకి వచ్చిన బండి ఇరుసులే కరెంటు దారిని కలుపుతాయి. ఇది అసలు రైళ్ల ట్రాక్ సర్క్యూట్‌కు తమ్ముడు. ట్రాక్ సర్క్యూట్‌కు విలియం రాబిన్సన్ 1872లో అమెరికాలో పేటెంటు పొందాడు. అయితే అన్నదమ్ములకు ఒక పెద్ద తేడా ఉంది. అసలు ట్రాక్ సర్క్యూట్‌లో తీగ తెగితే ఎర్ర దీపం వస్తుంది. బొమ్మలో తీగ తెగితే గేట్‌మ్యాన్ గుడిసెలోనే నిద్రపోతాడు, రైలు మాత్రం పోతుంది.

నెల్లూరు వైపు గేటు దగ్గర వ్యవహారం అసలు తలకిందులు. ఇక్కడ రైలు వచ్చి గేట్‌మ్యాన్‌ను లేపదు. స్టేషను నుంచి ఫోను వస్తుంది, మాట అందిందనడానికి గుర్తుగా ప్రైవేట్ నంబరు చెప్పుకుంటారు, గేట్‌మ్యాన్ దాన్ని పుస్తకంలో రాసుకుంటాడు, గేటు వేస్తాడు. సిగ్నలుతో ముడిపడ్డ గేటైతే అది పడి తాళం బిగిస్తే తప్ప సిగ్నలు రెక్క వాలదు. ఆ తర్వాతే బండి. గేటు పడింది అన్న మాటకు ఈ తీరంలో అర్థం తెలియనివాళ్లు లేరు. సైకిళ్లు, ఎడ్లబండ్లు, బస్సు, బస్సు కిటికీ దగ్గరికి జామకాయల బుట్టతో వచ్చే ఆడమనిషి, చాలాసేపటికి గానీ కనపడని రైలు, ఇవన్నీ ఆ మాటలో ఉన్నాయి. కేటలాగు బొమ్మ చూపించినట్టు కాంటాక్టరును గేటు పక్కనే పెడితే రైలు గేటు మీదికొచ్చాక మనిషి బయటికొస్తాడు. చూడటానికి సరదాగా ఉంటుంది గానీ అది నెల్లూరు గేటు కాదు. కాంటాక్టరును గేటుకు కనీసం ఒక రైలు పొడుగు ముందుకు జరపాలి, రైలు గేటు దాటేదాకా మనిషి బయటే ఉండేలా విడదీసిన కడ్డీని గేటు అవతలి దాకా సాగదీయాలి. ఇంకా పట్టుదల ఉంటే గేటు మూసే మీటను చేతి కిందే ఉంచుకుని, అది నొక్కితే గానీ సిగ్నలుకూ దాని ముందున్న పట్టా ముక్కకూ కరెంటు అందకుండా తీగలు కలపవచ్చు. ఒకదాని మీద ఒకటి ఆధారపడేలా లీవర్లకు తాళాలు వేసే ఈ ఆలోచనకు జాన్ శాక్స్‌బీ 1856లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు.

తెలుగిళ్లలో ఇలాంటి అమరికకు ముందునుంచీ ఒక చోటుంది. దసరాకో సంక్రాంతికో పెట్టే బొమ్మల కొలువులో మెట్ల మీద దేవుళ్లు, తిరుపతి చెక్క బొమ్మలు, కొండపల్లి బొమ్మలు కొలువుదీరితే, మెట్ల ముందు నేల మీద పిల్లల రాజ్యం. ఇసుకలో ఆవాలో మెంతులో చల్లి మొలకెత్తించి పార్కు చేస్తారు, గిన్నెలో నీళ్లు పోసి చెరువంటారు, దాని చుట్టూ కీ ఇచ్చే రైలును తిప్పుతారు. విదేశీ బొమ్మలు దొరకడం కష్టమైన కాలంలోనూ ఈ రైలు కొలువు తప్పేది కాదు. పేరంటానికి వచ్చినవాళ్లు శనగలు తీసుకుంటూ దాన్ని చూసి నవ్వేవాళ్లు. అమెరికాలో స్థిరపడ్డ పిల్లలు తెచ్చిన పాత లయొనెల్ పెట్టె కూడా చివరికి చేరేది ఈ నేల మీదికే.

నేల కంటే 8 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ బోర్డు మేలు. దాని మీద అండాకారపు మెయిన్ లైను, ఒక పక్క లూప్ లైను పడతాయి. ముందు పట్టాలు బిగించి, బండిని రెండు గంటలు తిప్పి చూశాకే హంగుల జోలికి పోవాలి. తర్వాత స్టేషను, దానికి రెండు వైపులా సిగ్నళ్లు, ఆపైన గేటు. 8 అడుగుల బోర్డు 48వ వంతు కొలతలో 117 మీటర్లు మాత్రమే. రెండు రంగుల సిగ్నళ్ల పద్ధతిలో మొదటి సిగ్నలు దాటాక ఖాళీగా వదలాల్సిన 400 మీటర్లకే అదే కొలతలో 8 మీటర్ల పైచిలుకు హాలు కావాలి. అంత హాలు ఉన్నవాళ్లు తక్కువ. అందువల్ల ఔటర్‌ను వదిలేసి హోమ్, స్టార్టర్‌లతో సరిపెట్టుకోవడం న్యాయం. అన్నీ పెట్టి స్తంభాల అడవి చేస్తే దేనికది ఏం చెబుతోందో అర్థం కాదు. వాటర్ కాలమ్ ప్లాట్‌ఫారం చివర, ఇంజను ఆగే చోట ఉండాలి, ట్యాంకు దాని వెనక. కట్ట కింద ఒకటి రెండు తూములు తప్పనిసరి, ఇది వరదల నేల. 2021 నవంబర్‌లో పెన్నా పోటెత్తినప్పుడు పడుగుపాడు దగ్గర కట్ట కోసుకుపోయి రైళ్లు ఆగిపోయాయి.

ఒక్క చోట మాత్రం కేటలాగు ఊహ నెల్లూరు నిజానికి ముందే వచ్చింది. 1950ల చివర అంతరిక్ష పోటీ వేడిలో లయొనెల్ కంపెనీ క్షిపణి వదిలే పెట్టెలు, రాకెట్ వేదికలు అమ్మింది. శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్ లేచింది 1971లో. శ్రీహరికోటకు దారి తీసే సూళ్లూరుపేట స్టేషను వెనక ఆ బొమ్మ రాకెట్ వేదికను నిలబెడితే వేళాకోళం అనిపించదు.

బోర్డు మీద చల్లే ఇసుక కోసం మైపాడు బీచికి పోకూడదు. ఉప్పు రేకును తినేస్తుంది, సన్న ఇసుక పళ్లచక్రాల్లో దూరుతుంది. పైగా 1950 నుంచి లయొనెల్ ఇంజన్ల చక్రాలకు అయస్కాంత శక్తి పెట్టారు. తీరపు ఇసుకలో ఉండే నల్లటి ఇనుప రేణువులు వాటికి మీసాల్లా అంటుకుంటాయి. ఏటి ఇసుకైనా కడిగి, ఆరబెట్టి, అయస్కాంతం తిప్పి చూశాకే వాడాలి.

కరెంటు విషయంలో ఇంగ్లీషు బొమ్మకు మన దగ్గర పేచీ లేదు, అమెరికా బొమ్మకు ఉంది. అక్కడిది 120 వోల్టులు, 60 హెర్ట్‌జ్. ఇక్కడిది 230, 50. వోల్టులు తగ్గించే పెట్టె హెర్ట్‌జ్‌ను మార్చలేదు. 60కి చేసిన పాత ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది. దాన్ని అలమారలో చూపుకు ఉంచుకుని, 14 నుంచి 16 వోల్టులిచ్చే ఇక్కడి ట్రాన్స్‌ఫార్మర్ వాడటం క్షేమం. పాత రబ్బరు తీగలు పగిలి ఉంటాయి కాబట్టి వాటిని ముందే మార్చాలి. కీ రైలుకు ఈ గొడవ లేదు. కరెంటు పోయినా తిరుగుతుంది, కుట్టు మిషను ఆయిలు రెండు చుక్కలు చాలు.

ఏ కాలాన్ని చూపిస్తున్నామో ముందే తేల్చుకోవాలి. నెల్లూరు మీదుగా పోయే చీరాల, ఎళావూరుల మధ్య లైనుకు 1980–81లో కరెంటు తీగలు వచ్చాయి. ఆ తర్వాత వాటర్ కాలమ్‌కు పని లేదు. బిట్రగుంట షెడ్డు వైభవం పోయింది. రెక్క సిగ్నళ్ల చోట రంగు దీపాలు నిలిచాయి. అందువల్ల తల మీద విద్యుత్ తీగలూ, పక్కన రెక్క సిగ్నలూ, నీళ్ల తొండమూ కలిసి ఉన్న బోర్డు ఎంత అందంగా ఉన్నా ఏ కాలానిదీ కాదు. పాత హంగులకు 1899కీ 1980కీ మధ్య ఏ ఏడాదైనా నప్పుతుంది. టోకెను రింగు పెడితే ఒంటి లైను రోజులకు కట్టుబడాలి.

నెల్లూరు తీరంలో పెద్ద వానలు దసరా వెళ్లిన వెంటనే, ఈశాన్య రుతుపవనంతో మొదలవుతాయి. కొలువు ఎత్తేసి బొమ్మలు అటక ఎక్కేది సరిగ్గా గాలిలో తేమ పెరిగే వేళే. తేమ, వేడి కలిస్తే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి పోత జింకు చక్రాలు లోపల్నుంచి పగిలి పొడి అవుతాయి. లోహంలో కలిసిన సీసం వల్ల వచ్చే ఆ జబ్బుకు మందు లేదు, నెమ్మదింపజేయడమే. రేకు వస్తువులను వార్తాపత్రికలో చుడితే చెమ్మకు అక్షరాలు స్టేషను గోడ మీదికి దిగుతాయి. మెత్తటి నూలు గుడ్డ వాడాలి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేయాలి. స్ప్రింగులో మిగిలిన కీ పూర్తిగా తిరగనిచ్చి, కాంటాక్టరు మర వదులు చేసి, సిగ్నలు రెక్కను అడ్డంగా ఉంచి సర్దాలి.